ఒక పున్నమి, మూడు లెక్కలు

తెలుగువాళ్ల పెద్ద పండుగల్లో ఇంగ్లీషు తేదీకి కాస్త కట్టుబడి వచ్చేది సంక్రాంతి ఒక్కటే. ఉగాది ఒక ఏడు మార్చిలో వస్తే మరో ఏడు ఏప్రిల్‌లో వస్తుంది. దసరా, దీపావళి సరేసరి. అందుకే ముంబై కామాటిపుర చాళ్లలో పుట్టి పెరిగిన తెలుగువాళ్లకు “ఈసారి ఈస్టర్ ఎప్పుడు పడింది?” అన్న ప్రశ్న వింతగా తోచదు. క్రిస్మస్‌కు డిసెంబరు 25 ఖాయం. ఈస్టర్‌కు అలాంటి ఖాయం లేదు. మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 దాకా ఏ ఆదివారమైనా కావచ్చు. కథోలికుల ఏడాదిలో చాలా భాగం దాని వెంటే నడుస్తుంది. 46 రోజుల ముందు విభూతి బుధవారం, వారం ముందు మ్రానికొమ్మల ఆదివారం, రెండు రోజుల ముందు గుడ్ ఫ్రైడే, నలభయ్యో నాడు క్రీస్తు మోక్షారోహణం, యాభయ్యో నాడు పెంతెకోస్తు, ఆపైన దివ్యసత్ప్రసాద మహోత్సవం. ఈస్టర్ జరిగితే ఇవన్నీ జరగాల్సిందే.

ఈ జరగడానికి ఒక పాత సూత్రం ఉంది. వసంత విషువం రోజున గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి చూడాలి, ఆ పున్నమి దాటిన ఆదివారం పట్టుకోవాలి. సూర్యుడు, చంద్రుడు, వారం మూడూ కుదిరితే గానీ తేదీ తేలదు. తిథి, వారం, నక్షత్రం చూడనిదే గడప కూడా ఎత్తని ఇంట్లో ఈ మాట చెబితే అర్థం కావడానికి నిమిషం పట్టదు. ఇంగ్లీషు క్యాలెండరొక్కటే తెలిసినవాళ్లకే ఇది చిక్కుముడి.

2019 ఏప్రిల్ 19, శుక్రవారం. చైత్ర పౌర్ణమి కాబట్టి మహారాష్ట్ర లెక్కన హనుమాన్ జయంతి. కథోలికులకు గుడ్ ఫ్రైడే. ఆ సాయంత్రం సూర్యాస్తమయంతో యూదులకు పస్కా మొదలు. ముంబైలో ఈ మూడింటినీ ఒకే రోజు చూడటానికి ఊరంతా తిరగనక్కర్లేదు. కామాటిపురకు ఉత్తరపు హద్దు బెలాసిస్ రోడ్డు, తూర్పు హద్దు ఒకప్పటి డంకన్ రోడ్డు, ఇప్పటి మౌలానా ఆజాద్ రోడ్డు. అక్కడి నుంచి నాగ్‌పాడా మీదుగా బైకులా వైపు నడిస్తే డేవిడ్ ససూన్ 1860ల్లో కట్టించిన మాగెన్ డేవిడ్ యూదు ప్రార్థనాలయం వస్తుంది. ఇంకా ముందుకు వెళితే బైకులా స్టేషను దగ్గర గ్లోరియా చర్చి. ఈ చర్చి మొదట ఇక్కడ లేదు. పోర్చుగీసుల కాలంలో, 1632లో, మజ్‌గావ్‌లో వెలిసింది. 1911లో పాత కట్టడం పడగొట్టారు, 1913 నాటికి బైకులాలో కొత్తది లేచింది.

ఈ మూడు పండుగలూ ఒకే గోడ మీద, ఒకే గడిలో కనబడే చోటు కూడా ఉంది. జయంత్ సాల్గావ్‌కర్ 1973లో మొదలుపెట్టిన కాలనిర్ణయ్ క్యాలెండర్ మరాఠీ ఇళ్లలోనే కాదు, ముంబై తెలుగు చాళ్లలోనూ మేకుకు వేలాడుతుంది. దాన్ని తెలుగులోనూ అచ్చు వేస్తారు. ముందు పేజీలో తిథులు, సంకష్టి చతుర్థి నాటి చంద్రోదయం వేళలు. వాటి పక్కనే క్రైస్తవుల, ముస్లిముల, పార్సీల, యూదుల పండుగలు. పాల లెక్క, గ్యాసు బండ వచ్చిన తేదీ కూడా ఆ గడిలోనే పెన్సిలుతో పడతాయి. మతాల మధ్య సామరస్యం గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే అన్ని పండుగలూ ఒకే కాగితం మీద సర్దుకుపోయాయి.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక చిన్న తకరారు ఉంది. చైత్ర పౌర్ణమి హనుమాన్ జయంతి మరాఠీవాళ్ల లెక్క. తెలుగునాట అసలు జయంతి వైశాఖ బహుళ దశమి. కొండగట్టు అంజన్న గుట్ట మీద మాత్రం రెండూ చేస్తారు. చైత్ర పౌర్ణమి చిన్న జయంతి, వైశాఖంలో వచ్చేది పెద్ద జయంతి. కరీంనగర్ వైపు నుంచి ముంబై చేరిన కుటుంబాలకు ఆ విధంగా ఇబ్బంది లేదు. చిన్న జయంతి ఇక్కడ, పెద్ద జయంతి అక్కడ.

యూదుల పస్కా ఈజిప్టు బానిసత్వం నుంచి విడుదలైన జ్ఞాపకం. నీసాను మాసం 14వ తేదీ సాయంత్రం, అంటే పున్నమి వెన్నెల్లో, ఆ రాత్రి భోజనం. యేసు యెరూషలేములో పట్టుబడి సిలువ మీద మరణించింది ఆ పస్కా రోజుల్లోనే అని నాలుగు సువార్తలూ చెబుతున్నాయి. కాబట్టి తొలి క్రైస్తవులకు తేదీ గురించి అనుమానం లేదు. యూదుల పస్కా ఎప్పుడైతే తమ పాస్కా అప్పుడే. చిక్కు వచ్చింది వారం దగ్గర. యేసు పునరుత్థానం ఆదివారం తెల్లవారుజామున జరిగింది కాబట్టి పండుగ ఆదివారమే ఉండాలని రోము పట్టుబట్టింది. కాదు, ఏ వారమైనా సరే 14వ తేదీయే అసలు దినమని చిన్న ఆసియా సంఘాలు అన్నాయి. స్ముర్నా బిషప్పు పొలికార్పు, క్రీ.శ. 155 ప్రాంతాల రోముకు వెళ్లి అక్కడి బిషప్పు అనికేతుస్‌తో ఈ విషయం మాట్లాడాడు. ఎవరి మాట వాళ్లదే అయింది, కానీ కలిసి బలిపూజ చేసి మంచి మాటలతో విడిపోయారు. తర్వాతి తరం అంత ఓర్పు చూపలేదు. 190 ప్రాంతాల రోము బిషప్పు విక్టర్ ఆసియావాళ్లను వెలివేసేదాకా వెళ్లాడు.

క్రీ.శ. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి నీకయాలో పిలిచిన మహాసభ ఆదివారం పక్షానే తీర్పు చెప్పింది. అందరూ ఒకే రోజు చేయాలి, యూదుల పంచాంగం అడిగి తెలుసుకునే అవసరం ఉండకూడదు. నిర్ణయం తేలికే, లెక్క ఎవరు కట్టాలి? ఖగోళశాస్త్రంలో చేయి తిరిగిన అలెగ్జాండ్రియా ఆ పని నెత్తిన వేసుకుంది. అక్కడి బిషప్పు ఏటా ఈస్టర్ తేదీ తెలిపే లేఖ పంపేవాడు. బిషప్పు అతనాసియుస్ 367లో పంపిన అలాంటి లేఖలోనే కొత్త నిబంధనలో ఉండాల్సిన 27 పుస్తకాల జాబితా మొదటిసారి పూర్తిగా కనిపిస్తుంది. పండుగ తేదీ చెప్పడానికి రాసిన ఉత్తరం బైబిలు చరిత్రకే ఆధారపత్రం అయింది. 525లో డయొనీసియస్ అనే సన్యాసి రోములో కొత్త ఈస్టర్ పట్టిక తయారుచేస్తూ, క్రైస్తవులను హింసించిన డయోక్లీషియన్ చక్రవర్తి పేర ఏళ్లు లెక్కపెట్టడం ఇష్టంలేక యేసు పుట్టుక నుంచి లెక్కపెట్టాడు. ఇవాళ ప్రపంచమంతా వాడే క్రీస్తు శకం ఆ పట్టిక పక్క నిలువు వరుసలో పుట్టింది.

ఈ పట్టికల కీలకం 19 ఏళ్ల చక్రం. 19 సౌర సంవత్సరాలు, 235 చాంద్రమాసాలు దాదాపు సమానం. ఏడాదికి 12 నెలల చొప్పున 19 ఏళ్లకు 228 అవుతాయి. మిగిలిన ఏడు నెలలను అక్కడక్కడా దూర్చాలి. యూదులు 19 ఏళ్లలో ఏడుసార్లు రెండో అదారు నెల కలుపుతారు. మన పంచాంగంలో ఆ పని అధికమాసం చేస్తుంది, సగటున అదే పౌనఃపున్యంతో. చర్చి లెక్కలో దాన్ని అధికమాసం అనరు గానీ, పనితనం అదే. మాగెన్ డేవిడ్, గ్లోరియా, కామాటిపుర మూడింటికీ ఒకే చంద్రుడు కాబట్టి తేడా వచ్చేదల్లా ఆ అదనపు నెలను ఎవరు ఎక్కడ వేసుకున్నారన్న దాని దగ్గరే. 2024లో అదే జరిగింది. చర్చి మార్చి 25 నాటి హోలీ పున్నమిని పట్టుకుని మార్చి 31న ఈస్టర్ చేసింది. అప్పటికి ఉగాది కూడా రాలేదు, అది ఏప్రిల్ 9న. యూదులు ఆ ఏడు రెండో అదారు వేసుకోవడంతో పస్కా ఏప్రిల్ 22 సాయంత్రానికి పడింది, హనుమాన్ జయంతి 23న వచ్చింది. 2019లో ముగ్గురూ కలిస్తే, 2024లో ఇద్దరు ఒక పున్నమి, ఒకరు ఇంకో పున్నమి.

చర్చి పట్టికలో ఒక లోపం శతాబ్దాలుగా పెరుగుతూ వచ్చింది. జూలియన్ సంవత్సరం అసలు కన్నా ఓ 11 నిమిషాలు ఎక్కువ. 16వ శతాబ్దానికి వసంత విషువం మార్చి 21 నుంచి 11కు జారిపోయింది. పోపు 13వ గ్రెగరీ 1582లో క్యాలెండర్ మార్చింది వ్యాపారుల సౌకర్యం కోసమో రాజుల కోసమో కాదు, ఈస్టర్ కోసం. జెస్యూట్ గణితవేత్త క్లావియుస్ అందులో ముఖ్యుడు. అక్టోబరు 4 గురువారం తర్వాత అక్టోబరు 15 శుక్రవారం వచ్చింది. కథోలిక దేశమైన పోర్చుగల్ వెంటనే ఒప్పుకుంది. ప్రొటెస్టెంటు ఇంగ్లండు 1752 దాకా ఒప్పుకోలేదు. పోపు చెబితే సూర్యుడి లెక్కయినా వాళ్లకు వద్దు.

ఈ యూరప్ పంతం బొంబాయిలో దిగిన తీరు తమాషాగా ఉంటుంది. 1534లో పోర్చుగీసుల చేతికి వచ్చిన బొంబాయి, పెళ్లి కట్నంగా ఇంగ్లండుకు రాసివ్వడంతో 1665లో చేతులు మారింది. జెండా మారింది గానీ మజ్‌గావ్, మాహిం, దాదర్ కథోలికులు తమ క్యాలెండర్ మానుకోలేదు. కోటలోని కంపెనీ దొరలది పాత జూలియన్ లెక్క. అంటే 1752 దాకా ఈ చిన్న ద్వీపంలో రెండు తేదీలు, చాలా ఏళ్లు రెండు ఈస్టర్లు. 1718 క్రిస్మస్‌కు కోటలో సెయింట్ థామస్ చర్చి తెరిచారు. మరుసటి ఏడు, 1719లో, విచిత్రంగా ఇద్దరి ఈస్టర్ ఒకే ఆదివారం పడింది. కథోలికులు దాన్ని ఏప్రిల్ 9 అన్నారు, ఇంగ్లీషువాళ్లు మార్చి 29 అన్నారు. 1720లో ఆ పొత్తు చెదిరింది. గ్లోరియా చర్చి లెక్కన ఈస్టర్ మార్చి 31. కోట చర్చికి ఏప్రిల్ 17, అది కథోలికుల తేదీల్లో ఏప్రిల్ 28. మజ్‌గావ్‌లో పండుగ పిండివంటలు అయిపోయిన నాలుగు వారాలకు కోటలో పండుగ. అదే 1720లో గవర్నరు చార్లెస్ బూన్ పోర్చుగీసు ఫ్రాన్సిస్కన్ గురువులను ద్వీపం నుంచి పంపేసి, రోము పంపిన కార్మెలైట్ గురువులకు చర్చీలు అప్పగించాడు. ఆ గొడవ అధికారం గురించి, తేదీ గురించి కాదు. రోము గురువులైనా పోర్చుగీసు గురువులైనా గ్రెగరీ లెక్కే.

అప్పటికి కామాటిపుర లేదు. వర్లీ, మహాలక్ష్మి మధ్య గండిలోంచి పోటు నీరు వచ్చి ఆ పల్లాన్ని ముంచేది. విలియం హార్న్‌బీ గవర్నరుగా ఉండగా ఆ గండికి కట్ట పడింది. 1784 ప్రాంతాల హార్న్‌బీ వెల్లార్డ్ పూర్తయ్యాక నేల ఆరి మనిషి నిలిచే చోటైంది. 18వ శతాబ్దం చివర నిజాం రాజ్యం నుంచి వచ్చిన కామాటీలు, అంటే మట్టిపని, రాతిపని, కట్టుబడి పని చేసే తెలుగు కూలీలు, అక్కడ నిలిచారు. ఊరి పేరు వాళ్లదే. ఆ పైన పాలమూరు, నల్లగొండ, కరీంనగర్ నుంచి తరం తర్వాత తరం దిగింది. కొందరు కాంట్రాక్టర్లయి పైకొచ్చారు. ఎక్కువమంది మిల్లుల్లో, గోదాముల్లో, సందుల్లో బతికారు. పద్మశాలి ఆడవాళ్లు గదిలోనే కూర్చుని చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టారు. కామాటిపుర పేరు చెప్పగానే బయటివాళ్లకు ఎర్రదీపాల వీధే గుర్తొస్తుంది. దానికి ముందూ దాని పక్కనా ఉన్న ఈ తెలుగు ఊరు అంతగా గుర్తురాదు.

ఈస్టర్ కథలో ఈ చాళ్లకు సూటిగా సంబంధం ఉన్న ముక్క ఒకటుంది, అది ఆదివారం. రోము పట్టుబట్టి సాధించిన ఆ వారం, 19వ శతాబ్దపు బొంబాయి మిల్లు కార్మికుడికి దక్కలేదు. పగలున్నంతసేపూ మగ్గమే, వారంలో ఏ రోజైనా ఒకటే. జోతిబా ఫూలే సత్యశోధక్ సమాజ్‌లో పనిచేసిన నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో బొంబాయి మిల్లు కార్మికుల సంఘం పెట్టి వారపు సెలవు కోసం పోరాడాడు. ఆయన నడిపిన ‘దీనబంధు’ పత్రికను 1880లో పుణె నుంచి బొంబాయికి తేవడంలో తోడు నిలిచినవాడు తెలుగువాడు రామయ్య వెంకయ్య అయ్యవారు. సమాజ్ బొంబాయి శాఖకు దన్నుగా నిలిచినవాళ్లలో వెంకు బాలోజీ, జాయా కరాడి లింగు వంటి తెలుగు కాంట్రాక్టర్లున్నారు. లోఖండే ఆదివారం అడిగింది దొరల పండుగని కాదు, ఖండోబా రోజని. తెలంగాణ కూలీకి ఆ వాదన ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. మహారాష్ట్ర ఖండోబా, తెలంగాణ మల్లన్న ఒకే దేవుడు. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి దాటాక ఉగాది దాకా ఆదివారం ఆదివారమే జరుగుతుంది. 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవు ఒప్పుకున్నారు. అలా గ్లోరియా చర్చిలో పునరుత్థాన దినమైన రోజు, సందుకు ఈ పక్కన మల్లన్న పేరు మీద సెలవైంది.

తెలుగు పంచాంగానికీ కథోలిక గురువులకూ పాత పరిచయమే ఉంది. 18వ శతాబ్దంలో కర్ణాటక మిషన్ పేరుతో ఫ్రెంచి జెస్యూట్లు పుంగనూరు మొదలుకుని రాయలసీమలో తిరిగారు. వాళ్ల స్థావరాల్లో కృష్ణాపురం ఒకటి, తెలుగు మీద అపారంగా శ్రమించిన ఫాదర్ కూర్దూ ఉన్న చోటు. 1750 ప్రాంతాల అక్కడి నుంచి ఫాదర్ ద్యుషాఁ స్థానిక సిద్ధాంతుల గ్రహగణిత పట్టికలను ఫ్రాన్సుకు పంపాడు. 1491 మార్చి 10ని మొదలుగా పెట్టుకున్న ఆ పట్టికలను ఖగోళవేత్త బాయీ 1787లో ప్రచురించిన భారతీయ ఖగోళ గ్రంథంలో వరసపెట్టి చర్చించాడు. స్కాట్లండు గణితవేత్త ప్లేఫేర్ వాటి మీద వ్యాసం రాశాడు. యూరప్ పండితులు వాటి ప్రాచీనత గురించి తగువులాడారు. ఈస్టర్ పట్టికలు దిద్దిన క్లావియుస్ సంఘంవాళ్లే రాయలసీమ పంచాంగం పారిస్ చేర్చారన్నది ఆ తగువుల్లో ఎవరికీ పట్టలేదు.

పోలిక అక్కడితో ఆగదు. ఉగాది సాయంత్రం పంచాంగ శ్రవణం తెలుగువాడికి కొత్త కాదు. కథోలిక చర్చిలోనూ దాని జోడీ ఒకటుంది. జనవరిలో ముగ్గురు జ్ఞానుల పండుగ నాడు, సువార్త చదివాక, ఆ ఏటి విభూతి బుధవారం ఎప్పుడో, ఈస్టర్ ఎప్పుడో, పెంతెకోస్తు ఎప్పుడో వరసగా రాగం తీసి ప్రకటిస్తారు. అచ్చు క్యాలెండర్లు లేని కాలంలో ఊరికి తేదీలు తెలిసేది ఆ పాటతోనే. ఆదాయ వ్యయాలు, రాజపూజ్యం మాత్రం ఉండవు. ఇక ఈస్టర్ ముందురాత్రి జాగరణలో వెలిగించే పెద్ద కొవ్వొత్తి మీద గురువు సిలువ గీసి, దాని నాలుగు మూలలా ఆ సంవత్సరపు నాలుగు అంకెలు చెక్కుతాడు. ఐదు సాంబ్రాణి గుళికలు ఐదు గాయాలకు గుర్తుగా గుచ్చుతాడు. పోయిన ఏడు మ్రానికొమ్మల ఆదివారం పంచిన మట్టలు కాల్చిన బూడిదే విభూతి బుధవారం నాడు నుదుటికి చేరుతుంది.

పాలమూరు, నల్లగొండ వైపు క్రైస్తవుల తీరు మాత్రం వేరు. అక్కడ అమెరికన్ బాప్టిస్టు మిషన్ పాలమూరులో 1885లో, నల్లగొండలో 1890లో స్థావరాలు పెట్టింది. ఆ సంప్రదాయంలో విభూతి లేదు, దివ్యసత్ప్రసాద ఊరేగింపు లేదు. ఈస్టర్ ఉంది, అదీ తెలుగు పద్ధతిలో. ముందురోజే సమాధులకు సున్నం వేసి, ఆదివారం కోడి కూయకముందే కొవ్వొత్తులు, పూలు పట్టుకుని సమాధుల తోటకు చేరతారు. కథోలికులు సమాధుల దగ్గరకు వెళ్లేది నవంబరు 2న, కదలని తేదీన.

మన దగ్గర దృక్‌గణితం వాళ్లకూ, పూర్వపద్ధతి వాళ్లకూ ఏటా ఏదో ఒక పండుగ దగ్గర పేచీ వస్తుంది. చర్చికీ ఆ పేచీ ఉంది. 2019లో అసలు ఆకాశంలో విషువం మార్చి 20న, పున్నమి మార్చి 21న వచ్చాయి. ఆకాశం ప్రకారం ఈస్టర్ మార్చి 24 కావాలి. కానీ చర్చి విషువాన్ని మార్చి 21కి కట్టేసుకుంది, పున్నమిని పట్టికలోంచి తీసుకుంటుంది. పట్టిక పున్నమి మార్చి 20న పడి, ఒక్క రోజు తేడాతో చెల్లకుండా పోయింది. ఈస్టర్ ఏప్రిల్ 21కి వెళ్లింది. హనుమాన్ జయంతి, గుడ్ ఫ్రైడే, పస్కా కలిసిన ఆ శుక్రవారం నిజానికి ఆకాశం పుణ్యం కాదు, పట్టిక పుణ్యం.

ఈ కదలిక ఆపాలని చూసినవాళ్లూ ఉన్నారు. బ్రిటిష్ పార్లమెంటు 1928లో ఈస్టర్‌ను ఏప్రిల్ రెండో శనివారం మర్నాడు నిలబెడుతూ చట్టం చేసింది. అది పుస్తకాల్లో ఉంది, అమల్లోకి రాలేదు. రెండో వాటికన్ మహాసభ 1963లో, మిగతా సంఘాలు ఒప్పుకుంటే తమకు అభ్యంతరం లేదంది. 1997లో అలెప్పోలో కూడిన సంఘాల ప్రతినిధులు పట్టికలు వదిలి యెరూషలేము ఆకాశాన్నే ప్రమాణం చేసుకుందామని ప్రతిపాదించారు. 2025లో నీకయా సభకు 1700 ఏళ్లు నిండాయి. ఆ ఏడు తూర్పు ఆర్థడాక్సు, కథోలిక ఈస్టర్లు రెండూ ఏప్రిల్ 20నే పడ్డాయి. పోపు ఫ్రాన్సిస్ ఒకే తేదీ మాట మళ్లీ ఎత్తాడు. ఇప్పటికైతే పాత పట్టికే నడుస్తోంది. దాని ప్రకారం అందరికన్నా ఆలస్యపు ఈస్టర్, ఏప్రిల్ 25, చివరిసారి 1943లో వచ్చింది. మళ్లీ 2038లో వస్తుంది.